బొల్లి కంట్లో తెల్లమచ్చ – దూడల కంటిజబ్బుతో నా అనుభవం

మొదట చూసింది మా అమ్మ. పొద్దున పాలు పితకడం అయిపోయి దూడల్ని విప్పుతుంటే, "బొల్లి కంటి కింద చూశావా రా, తడి చార కనబడుతోంది" అంది. చూశాను. ఎడమ కంటి మూల నుంచి దవడ దాకా వెంట్రుకలు తడిసి అతుక్కుపోయి, వేలెడు వెడల్పున చార. కన్ను తెరిచే ఉంది. దుమ్ము పడి ఉంటుంది, సాయంత్రానికి అదే పోతుందిలే అనుకున్నాను. ఆ రోజు గాలి గట్టిగా వీచింది, నా అనుకోలుకు అంతకు మించి ఆధారమేమీ లేదు.

బొల్లి అప్పటికి మూడు నెలల పెయ్యదూడ. ముఖమంతా తెలుపు, రెప్పల అంచులకు కూడా నలుపు లేదు, లేత గులాబీ రంగులో ఉంటాయి. నడి వేసవి. ఈగలు ముసురుతున్నాయి. ఆ తడి చార మీద అవి బారులు తీరి వాలుతుంటే చేత్తో తోలేసి నా పనిలోకి వెళ్లిపోయాను. అక్కణ్ణుంచి లేచిన ఈగ పక్కనే ఉన్న కర్రి ముఖం మీద వాలడం నా కళ్లెదుటే జరిగింది. బుర్రకు మాత్రం ఎక్కలేదు.

మర్నాడు మిగతా దూడలు ఎండలోకి ఉరికితే బొల్లి గోడ నీడన ఆగిపోయింది. ఎడమ కన్ను మూసుకుని ఉంది. నిద్ర వచ్చినప్పుడు మూసుకునే తీరు వేరు. ఇది రెప్పలు బిగబట్టి, పై రెప్ప మీద ముడతలు పడేలా నొక్కిపెట్టుకుంది. తల కొంచెం వంచి ఆ కన్ను గోడవైపు దాచుకుంది. నేను పలుపు పట్టి వెలుతురులోకి లాగితే కాళ్లు తన్నిపెట్టి రానంది. ఎప్పుడూ మొండికేసే దూడ కాదది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పి తీరాలి, ఎందుకంటే అదే పని చేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంట్లో ఎప్పుడో ఎవరి కంటి దురదకో తెచ్చిన చుక్కల మందు సగం సీసా మిగిలి ఉంది. కంటి మందే కదా అని పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు వేశాను. చీకటి పడేసరికి ఎరుపు కాస్త తగ్గినట్టు కూడా అనిపించింది. ఆ రాత్రి దిగులు లేకుండా పడుకున్నాను.

మూడో రోజు పొద్దున దాని తలను నా తొడకు ఆనించుకుని రెప్ప మెల్లగా విప్పాను. నల్లగుడ్డు మీద సరిగ్గా నడిమధ్యన ఒక తెల్లమచ్చ. మిరియపు గింజంత ఉంది. దాని చుట్టూ పొగ కమ్మినట్టు నీలిరంగు మసక. తెల్లగుడ్డు మీద నరాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వేడి కన్నీళ్లు నా బొటనవేలి మీదుగా కారుతున్నాయి. కంట్లో పువ్వు పడటం అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. అది మొదలవుతుండగా ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. వెంటనే పశువుల డాక్టరు గారికి ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చీ రాగానే దూడను పట్టుకోలేదు. కొంచెం ఎడంగా నిలబడి రెండు మూడు నిమిషాలు ఊరికే చూశారు. ఏ కన్ను మూస్తోంది, తల ఎటు తిప్పుతోంది, నడకలో దేనికైనా గుద్దుకుంటోందా, ముక్కు కారుతోందా అని. తర్వాత ప్రశ్నలు. ఎన్ని రోజులైంది, మిగతావాటికి ఉందా, దగ్గుతోందా, పాలు తాగుతోందా, పచ్చిమేత అందుతోందా. చివరికి, "కంట్లో ఏమైనా వేశారా?" అన్నారు. సీసా తెచ్చి ఇచ్చాను. వెనక్కి తిప్పి చదివి, "ఇందులో డెక్సామెథసోన్ ఉందండీ. స్టెరాయిడ్ మందు. కంటి పొర మీద పుండు ఉన్నప్పుడు ఇది పడితే పైకి ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గినట్టే ఉంటుంది. లోపల పుండు మాత్రం మానదు, ఇంకా లోతుకు పోతుంది" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే నయమనిపించింది.

జ్వరం చూశారు. 102 డిగ్రీల ఫారెన్‌హీట్, దూడకు అది మామూలే. ముక్కు శుభ్రంగా ఉంది. ఇవెందుకు చూస్తున్నారని అడిగితే ఆవిడ చెప్పిన మాట నాకు ఆ రోజు దొరికిన అన్నిటికంటే విలువైనది. "తెలుపు ఎక్కడ మొదలైందో చూడండి" అన్నారు. గుడ్డు నడిమధ్యన మొదలై బయటికి పాకుతుంటే ఎక్కువగా అది అంటుకంటి జబ్బు, మొరాక్సెల్లా బోవిస్ అనే బాక్టీరియా పని. అలాకాకుండా మసక అంచు నుంచి లోపలికి వస్తూ, కంటి కింది పొర మీద తెల్లటి పొక్కుల్లాంటివి కనబడుతూ, దానికి తోడు జ్వరం, ముక్కు కారడం, దగ్గు ఉంటే ఐబీఆర్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. అక్కడ కన్ను ఒక్కటే కాదు, ఊపిరి దారి మొత్తం చూసుకోవాలి. నలక గుచ్చుకుంటే పుండు అది ఒరుసుకున్న చోటే పడుతుంది, ఎక్కువగా ఒక పక్కన.

కంట్లో తిమ్మిరెక్కించే చుక్క వేసి, అర నిమిషం ఆగి, మూడో రెప్పను పైకెత్తి దాని వెనక వెతికారు. పశువులకు ముక్కువైపు మూలన లోపలి నుంచి వచ్చే రెప్ప ఒకటి ఉంటుంది. గడ్డి ఊక, వెన్ను ముళ్లు సాధారణంగా దాని వెనకే దాక్కుంటాయట. అక్కడ ఏమీ లేదు. కంటిపురుగులు కూడా లేవు. సన్నటి తెల్లదారం ముక్కల్లా ఉండే ఆ పురుగుల్ని మోసుకొచ్చేదీ ఈగలే.

అప్పుడు నారింజ రంగు అద్దిన సన్నటి కాగితపు పట్టీ తీసి, దాని కొనను రెప్ప లోపల తాకించారు. ఫ్లోరెసీన్ అనే రంగు. ఉప్పునీటి ద్రావణంతో కడిగి, పాక తలుపు వేసి నీలి దీపం వేశారు. బొల్లి కంటి నడుమ గుండ్రంగా, నిగనిగలాడే పచ్చరంగు చుక్క. చుట్టూ మామూలు నలుపు. పై పొర బాగున్న చోట ఈ రంగు అంటదు, జారిపోతుంది. పొర లేచిపోయిన చోట కింది కండ దాన్ని పీల్చుకుంటుంది. అంటే ఆ పచ్చటి మేర అంతా పుండన్నమాట. నేను మిరియమంత అనుకున్నది దాదాపు శనగగింజంత ఉంది. ఆ కంటి పొర మొత్తం మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. పుండు ఎంత దూరం దిగితే కన్ను పగులుతుందో అర్థమయ్యాక నా గొంతు ఎండిపోయింది.

ఈ బాక్టీరియాకు సన్నటి నూగులాంటి కొక్కేలు ఉంటాయి. వాటితో కంటి పొరను పట్టుకుని వదలదు. అది వదిలే విషం పై పొర కణాల్ని చంపుతుంది, కాపాడటానికి వచ్చే తెల్ల రక్తకణాల్నీ చంపుతుంది. అందుకే పుండు అంత తొందరగా పడుతుంది. ఎండ, దుమ్ము, ఎండుగడ్డి కొసలు కంటి పొరను ముందే గీకి సిద్ధంగా ఉంచుతాయి. ఈగలు కన్నీళ్లు తాగి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మోస్తాయి, వాటి కాళ్ల మీద ఇది రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. లేత దూడలకు దీన్ని తట్టుకునే శక్తి తక్కువ. రెప్పల చుట్టూ నల్లరంగు లేని పశువుకు ఎండ తాకిడి ఎక్కువ కాబట్టి ముప్పూ ఎక్కువే. బొల్లి ముఖం చూసి నేను మురిసిపోయే తెలుపే దానికి ఇలా చేటు తెచ్చింది.

మందు వేయాలంటే ముందు బరువు తెలియాలి. నేను చూపుతో 80 కిలోలు అన్నాను. ఆవిడ టేపుతో ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టూ కొలిచి 60 అన్నారు. ఎక్కువ కాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్, కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్కన. సీసాలో మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉన్నాయి కాబట్టి పది కిలోలకు ఒక మిల్లీలీటరు, మొత్తం ఆరు. మెడకు రెండు చోట్ల మూడేసి చొప్పున వేశారు. మూడు రోజులాగి ఇంకోసారి. ఈ మందు సూదితో వేసినా కన్నీళ్లలోకి చేరుతుంది. నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు. కంటిపాప సూదిమొనంత బిగుసుకుపోయి ఉంది, ఆ బిగువు వల్లే నొప్పి ఎక్కువగా ఉంటుందట. అది వదలడానికి అట్రోపిన్ పూత పెట్టారు. దాంతో పాప విచ్చుకుంటుంది, వెలుతురు ఇంకా గుచ్చుకుంటుంది, కాబట్టి చీకటిగా ఉన్న చోటే కట్టమన్నారు. పుండు ఇంకా దిగితే రెప్పలు కలిపి కుట్టాల్సి రావచ్చని కూడా ముందే చెప్పారు.

రోజూ కంట్లో పెట్టడానికి యాంటీబయాటిక్ పూత ఇచ్చారు. ఇది వేయడం నేర్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. దూడ ఎదురుగా నిలబడితే గొట్టాన్ని చూసి బెదురుతుంది. దాని పక్కన నిలబడి, వెనక భాగాన్ని మూలకు ఆనించి, ఒక చేత్తో గడ్డం పట్టి ముఖాన్ని నా పక్కటెముకలకు అదుముకోవాలి. పట్టుకున్న చేతి బొటనవేలితోనే కింది రెప్పను కిందికి లాగితే చిన్న సంచిలా విచ్చుకుంటుంది. ఆ సంచిలో బియ్యపు గింజంత పూత పిండి, రెప్ప వదిలేస్తే అదే కళ్లార్పి పరుచుకుంటుంది. గొట్టం కొన కంటికి తగలకూడదు. కన్నీళ్లకు పూత తొందరగానే కొట్టుకుపోతుంది, రోజుకు నాలుగుసార్లు వేయమన్నది అందుకే. అన్నిసార్లు పట్టుకోలేని మందలో సూదిమందే నమ్మకం.

కంటికి గంత కట్టాం. పాత జీన్స్ గుడ్డ అరచేతి కంటే కొంచెం పెద్దగా కోసి, పైనా పక్కలా అంచులకు జిగురు రాసి, కంటి చుట్టూ వెంట్రుకలకు అతికించాం. జిగురు రెప్పకు తగలకుండా చూసుకోవాలి. కింది వైపు అతికించకూడదు, నీరు కారడానికి దారి ఉండాలి. గంత వేసిన అరగంటకు బొల్లి తల ఎత్తింది. రెండు రోజుల తర్వాత తల ఎత్తడం అదే. ఎండా ఈగా రెండూ పోయేసరికి దానికి అంత తెరిపి వచ్చింది. మందుకు ముందు ఆ గుడ్డముక్కే పనిచేసిందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ సాయంత్రమే మిగతా నాలుగు దూడల్నీ ఒక్కొక్కటిగా చూశాను. కర్రి కుడి కంటి కింద తడి చార. సన్నగా, కొత్తగా. ఈసారి దుమ్ము అనుకోలేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే మర్నాడే వచ్చి రంగు వేసి చూశారు. ఆవగింజంత పచ్చచుక్క. అదే సూది, అదే పూత, నీడన కట్టేయడం. వారం తిరిగేసరికి కన్ను మామూలైపోయింది, మచ్చ ఆనవాలు కూడా లేదు. ఒకే పాకలో ఒకే జబ్బు, దాదాపు ఒకే వయసు దూడలు. ఒకదానికి ఆ చార కనబడిన మర్నాడే మందు పడింది, ఇంకోదానికి రెండు రోజులు ఆలస్యంగా పడింది, పైగా మధ్యలో నా చుక్కల మందు.

జబ్బు కళ్లవాటిని పాక అవతల చివర వేరే కట్టాం. మేత, నీళ్లు, శుభ్రం చేయడం అన్నీ బాగున్న దూడలతో మొదలుపెట్టి జబ్బువాటి దగ్గర ముగించేవాణ్ణి. ఒకదాని కన్ను తుడిచిన దూది ఇంకోదానికి వాడలేదు, మధ్యలో చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఈగల కోసం పేడ రోజుకు రెండుసార్లు ఎత్తి దూరంగా కప్పి పెట్టడం మొదలుపెట్టాం. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఈగగా లేవడానికి పది రోజులైనా పట్టదు, కాబట్టి వారానికోసారి ఊడ్చితే ఊడ్చనట్టే. మందు చల్లడం కంటే ఈ పని వల్లే ఈగలు తగ్గాయి.

ఇంకో తప్పు కూడా బయటపడింది. దూడలు తొక్కి పాడుచేస్తున్నాయని ఎండుగడ్డి మోపును వాటి తలకంటే ఎత్తుగా వేలాడదీసేవాణ్ణి. అవి మెడ చాచి లాగిన ప్రతిసారీ ఊక, ధూళి నేరుగా కళ్లలో రాలుతోంది. ఎన్ని నెలలు ఆ దృశ్యం చూశానో. డాక్టరు గారు ఒక్కసారి చూసి దింపమన్నారు. ఇప్పుడు మోపు రొమ్ము ఎత్తున ఉంటుంది.

ఆరో రోజు గంత పైకెత్తి చూసి నేను హడలిపోయాను. కంటి అంచు నుంచి నడిమికి ఎర్రటి సన్న దారాల్లాంటి నరాలు పాకి వచ్చాయి. గుడ్డు చుట్టూ ఎర్రటి కట్టు కట్టినట్టుంది. పోయింది కన్ను అనుకున్నాను. ఫొటో తీసి పంపితే డాక్టరు గారు, "భయపడకండి, మనం ఎదురుచూస్తున్నది ఇదే. కంటి పొరలో మామూలుగా రక్తనాళాలు ఉండవు. పుండు పూడ్చడానికి అవి అంచు నుంచి బయల్దేరి వస్తాయి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు" అన్నారు. అప్పటి నుంచి ఆ ఎరుపు ఎంత దూరం వచ్చిందో రోజూ చూసుకునేవాణ్ణి. పదో రోజుకు అది మచ్చను చేరింది, నడుమ ఎర్రటి కండ చిన్న గుబ్బలా లేచింది. ఆ గుబ్బ చూడటానికి వికారంగా ఉంటుంది, మానుతున్న గుర్తు మాత్రం అదే. తర్వాత మెల్లగా ఎరుపు వెనక్కి తగ్గి, మసక పలచబడి, తెలుపు మిగిలింది. మూడో వారం చివర మళ్లీ రంగు కాగితం పెట్టి చూస్తే పచ్చ ఎక్కడా అంటలేదు. గంత తీసేశాం.

చూపు ఉందో లేదో చూడటం ఆవిడే నేర్పారు. చేతిని మెల్లగా కంటి దగ్గరకు తేవాలి, గాలి తగలకూడదు. గాలి తగిలితే చూపు లేని కన్ను కూడా రెప్ప వేస్తుంది. పుట్టిన కొత్తలో దూడకు ఈ బెదురు ఉండదు, రోజులు గడిచే కొద్దీ అలవడుతుంది, కాబట్టి మరీ పసిదూడ రెప్ప వేయలేదని కంగారుపడక్కర్లేదు. బొల్లి ఎడమవైపు చెయ్యి ముందు నుంచి తెస్తే కాస్త ఆలస్యంగా, పక్క నుంచి తెస్తే వెంటనే రెప్ప వేసింది.

పచ్చిమేత సంగతి ఎందుకడిగారో కూడా అప్పుడే చెప్పారు. నీరు కారడం లేకుండా, కళ్లు రెండూ అద్దంలా శుభ్రంగా ఉండి, దూడ మునిమాపువేళ గుంజలకు గుద్దుకుంటుంటే విటమిన్ ఎ లోపం గుర్తుకు రావాలి. చాలాకాలం పచ్చిమేత లేని ఆవుకు పుట్టి, ముర్రుపాలు సరిగా తాగని దూడకు ఆ ముప్పు ఎక్కువ. కన్ను బాగానే ఉండి, దీపం వేస్తే పాప ముడుచుకుంటూ కూడా దూడ ఉన్నట్టుండి గుడ్డిదైతే లోపం మెదడులో ఉంది. థయమిన్ అనే బి1 విటమిన్ కొరత కావచ్చు, పాత రంగులూ బ్యాటరీలూ నాకి సీసం విషం ఎక్కి కావచ్చు. దానికి పూతలూ గంతలూ పనిచేయవు, ఆ గంటలోనే డాక్టరు రావాలి. ఇవి నా దూడలకు రాలేదు. అయినా మా పాక వెనక పడేసిన పాత బ్యాటరీని ఆ సాయంత్రమే తీసేశాను.

రెండు నెలల తర్వాత ఎర్రి అనే ఇంకో దూడ కన్ను మూసుకుంది. అదే తడి చార, అవే బిగబట్టిన రెప్పలు. వెలుతురులో చూస్తే గుడ్డు నడుమ శుభ్రంగా ఉంది, ముక్కువైపు అంచున సన్నటి గీతలా మసక. తెలుపు ఎక్కడ మొదలైందన్న మాట గుర్తొచ్చింది. నలకలా ఉందని ఫోన్‌లోనే చెప్పాను. డాక్టరు గారు తిమ్మిరి చుక్క వేసి మూడో రెప్ప ఎత్తి, చిమటాతో ఒక గడ్డి వెన్ను ముక్క బయటికి తీశారు. నా గోరు మీద పెట్టారు. గోరులో సగం కూడా లేదు, ఒక అంచున రంపపు పళ్లలాంటి గరుకు. ఎర్రి అప్పటికప్పుడే కన్ను తెరిచింది. గీతకు నాలుగు రోజులు పూత వేశాం, అంతే.

బొల్లి ఇప్పుడు ఏడాది దాటిన పెయ్య. ఆ నెల రోజుల్లో నొప్పికి మేత తగ్గించి, కర్రి కంటే ఐదు కిలోలు వెనకబడింది, తర్వాత పుంజుకుంది. ఎడమ కంటి నడుమ గసగసంత తెల్లమచ్చ అలాగే ఉంది. దాని ఎడమవైపు నుంచి వెళ్లేటప్పుడు ముందుగా పేరు పెట్టి పిలుస్తాను. చెవి ఇటు తిప్పాకే చెయ్యి వేస్తాను.